పంచాయతీ కంప్యూటరునకు పరిమిత ఖాతా

జనన మరణముల నమోదు, ఇంటిపన్ను రసీదులు, ఆర్థిక సంఘపు నిధుల జమాఖర్చులు – ఒకప్పుడు బీరువాలోని రిజిస్టర్లయందుండిన లెక్కలు నేడు చాలవరకు కంప్యూటరులోనికి చేరినవి. 2020 ఏప్రిల్ 24వ తేదీన ఈ-గ్రామస్వరాజ్ ఆరంభమైనది. చెల్లింపులకు డిజిటల్ సంతకము వాడుకలోనికి వచ్చినది. కావున కార్యాలయమందలి కంప్యూటరును కాపాడుకొనుట గ్రామధనమును కాపాడుకొనుటయే. ఇందుకు ఖర్చులేని ఉపాయమొకటి కలదు. అదియే పరిమిత ఖాతా.

రెండు విధముల ఖాతాలు

విండోస్ కంప్యూటరులో ఖాతాలు ముఖ్యముగా రెండు విధములు. అడ్మినిస్ట్రేటర్ ఖాతా గలవారు కొత్త ప్రోగ్రాములను చేర్చవచ్చును, ఉన్నవానిని తీసివేయవచ్చును, వైరస్ నివారణ ఏర్పాటును సైతము ఆపివేయవచ్చును. స్టాండర్డ్ ఖాతా గలవారు ఉత్తరములు టైపు చేయుట, రసీదులు ముద్రించుట, వెబ్‌సైట్లు చూచుట మొదలగు నిత్యకృత్యములను నిరాటంకముగా చేసికొనవచ్చును. యంత్రపు ముఖ్యమైన అమరికలను మాత్రము మార్పజాలరు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో దీనికి లిమిటెడ్ ఖాతా యని పేరు.

కార్యాలయము ఊడ్చుటకు వచ్చువారికి తలుపు తాళము ఇత్తుము గాని ఇనుపపెట్టె తాళము ఇయ్యము. అది అపనమ్మకము కాదు. పని కెంత అవసరమో అంతటి అధికారమే ఇచ్చుట. ఈ సూత్రమును కంప్యూటరులకు అన్వయించి 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు తమ వ్యాసమున స్పష్టముగా చెప్పియున్నారు.

దీని ప్రయోజనము

ప్రోగ్రాము ఏ ఖాతాలో నడచునో, సాధారణముగా ఆ ఖాతాకుగల అధికారమే దానికిని లభించును. ఒక ఉద్యోగి ఉచిత తెలుగు అక్షరముల ప్రోగ్రామని నమ్మి ఊరూపేరూ తెలియని చోటినుండి ఏదో దించుకొనెననుకొందము. అతడు అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో నున్నచో, అందు దాగిన దుష్ట ప్రోగ్రాము యంత్రమంతటిని వశపరచుకొనగలదు. స్టాండర్డ్ ఖాతాలో నున్నచో యంత్రము ఆగి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డును అడుగును. ఆ ఒక్క క్షణమే మనకు రక్ష. మనము ఏమియు కోరకుండగనే అట్టి ప్రశ్న వచ్చినచో 'నో' అని నొక్కి, కార్యదర్శికి తెలుపవలెను.

ఏర్పాటు చేయు విధము

ముందుగా సెట్టింగ్స్‌లోని అకౌంట్స్ విభాగమున అడ్మినిస్ట్రేటర్ అధికారముగల ప్రత్యేక ఖాతాను తెరచి, దాని పాస్‌వర్డు సరిగా పనిచేయుచున్నదో లేదో చూడవలెను. అటుపిమ్మటనే దినచర్యకు వాడు ఖాతాను స్టాండర్డుగా మార్చవలెను. ఈ క్రమము తప్పరాదు. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు తెలియకున్న కార్యాలయము వారే చిక్కులలో పడుదురు. పనిచేయు ప్రతివారికిని వేరువేరు ఖాతా ఉండవలెను. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డును వ్రాసి, సీలువేసిన కవరులో బీరువాయందు భద్రపరచుట మేలు.

దీనితోనే సరిపోదు

పరిమిత ఖాతా కోటగోడ వంటిదే గాని సర్వరోగ నివారిణి కాదు. ఆ ఖాతాలోని దస్తావేజులను దుష్ట ప్రోగ్రాము పాడుచేయగలదు. కనుక వారమున కొకసారి నకళ్లను వేరొక డిస్కులోనికి తీసి, ఆ డిస్కును విడిగా దాచవలెను. 2017 మే 12వ తేదీన వాన్నక్రై అను వైరస్ విండోస్‌లోని లోపము ఆధారముగా అనేక దేశములకు వ్యాపించినది. ఆ లోపమునకు మైక్రోసాఫ్ట్ సంస్థ మార్చి నెలలోనే సవరణ విడుదల చేసియుండెను. దానిని వేసికొనని యంత్రములే హెచ్చుగా దెబ్బతినెను. కావున సవరణలను ఎప్పటికప్పుడు వేసికొనవలెను. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినదని గమనింపవలెను. డిజిటల్ సంతకపు టోకెనును పని ముగిసిన వెంటనే తీసి, ఎవరిది వారే దాచుకొనవలెను; దాని పిన్‌ను ఇతరులకు చెప్పరాదు.

సభ్యులు రాబోవు సమావేశమున కార్యదర్శిని ఒక్క ప్రశ్న అడుగవలెనని కోరుచున్నాము: "మన కంప్యూటరుపై నిత్యము పని జరుగుచున్నది ఏ ఖాతాలో?" సమాధానము అడ్మినిస్ట్రేటర్ అని వచ్చినచో, ఆ దినముననే మార్పించుడు. ఇది పూటలో ముగియు పని.