కదలని బండి – కారణాన్వేషణ

వ్యాధి ఏదో తెలుసుకోకుండా మందు ఇచ్చే వైద్యుణ్ణి ఎవరూ నమ్మరు. యంత్రాల విషయంలో మాత్రం చాలామంది ఆ పొరపాటే చేస్తుంటారు. బండి కదలకపోతే లోపమెక్కడ ఉందో చూడకముందే బ్యాటరీ మారుస్తారు. అది ఫలించకపోతే సెల్ఫ్ మోటారు విప్పిస్తారు. చివరకు అసలు కారణం వదులైన ఒక తీగ అని తేలవచ్చు.

ఈ పొరపాటు విలువ సామాన్యుడికే బాగా తెలుస్తుంది. రాయలసీమలోని మదనపల్లె టమాటాల వ్యాపారానికి పేరుపొందిన మార్కెట్టు. పాత డీజిల్ ట్రక్కును నమ్ముకొని అక్కడికి పంట చేరవేయవలసిన రైతుకు వేకువజామున బండి కదలకపోతే ఆనాటి బేరం చేజారుతుంది. పండిన టమాటా ఎక్కువ రోజులు తాజాగా నిలవదు. దానికితోడు అవసరం లేని విడిభాగం కొనవలసివస్తే నష్టం రెట్టింపవుతుంది.

డీజిల్ ఇంజను మేల్కొనడానికి మూడు సమకూరాలి. మొదటిది, ఇంజనును వేగంగా తిప్పగల విద్యుచ్ఛక్తి. రెండవది, సకాలంలో అందే ఇంధనం. మూడవది, ఆ ఇంధనాన్ని మండించే వేడి. పెట్రోలు ఇంజనులో స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వను పుట్టిస్తుంది. రుడాల్ఫ్ డీజిల్ 1890 దశకంలో రూపొందించిన ఇంజనుకు ఆ రవ్వతో పనిలేదు. సిలిండరులోని గాలి గట్టిగా అదమబడి, మిక్కిలి వేడెక్కి, అందులోకి చిమ్మిన డీజిల్‌ను మండిస్తుంది. ఈ మూడింటిలో లోపించినదేదో కనుగొనడమే పరీక్ష లక్ష్యం.

గేరును న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, హెడ్‌లైట్లు వెలిగించి పరీక్ష ప్రారంభించాలి. తాళం తిప్పగానే వినిపించే శబ్దమే తొలి సాక్ష్యం. టకటక చప్పుడుతో దీపాలు మసకబారితే బ్యాటరీ శక్తి తగ్గిందనో, తీగల కలయికలో లోపముందనో భావించాలి. దీపాలు ప్రకాశవంతంగానే ఉండి ఇంజను తిరగకపోతే సెల్ఫ్ మోటారును, దానికి విద్యుత్తు అందించే స్విచ్చును, తీగలను పరీక్షించాలి.

12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి. పూర్తిగా చార్జయి, విశ్రాంతిగా ఉన్నప్పుడు అది సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12 వోల్టులకు పడిపోయిందంటే శక్తి చాలావరకు తరిగిపోయినట్లే. అయినా వెంటనే కొత్తది కొనవలసిన పనిలేదు. టెర్మినళ్ళపై పేరుకొన్న తెల్లని, పచ్చని పొర విద్యుత్ప్రవాహాన్ని అడ్డగిస్తుంది. ఆ పొరను తొలగించి, బిగింపులను సరిచేసి, బ్యాటరీని చార్జి చేసి చూడాలి. విప్పేటప్పుడు ఎర్త్ వైరును ముందుగా తీసి, బిగించేటప్పుడు చివరగా తగిలించాలి. బ్యాటరీ నుండి మండే స్వభావంగల హైడ్రోజన్ వెలువడవచ్చు. కాబట్టి బీడీని, అగ్గిపుల్లను దాని దరిచేరనీయరాదు.

ఇంజను చురుకుగా తిరుగుతున్నా అందుకోకపోతే పొగగొట్టాన్ని గమనించాలి. పొగ ఏమాత్రం రాకపోతే సిలిండర్లకు డీజిల్ అందడం లేదని ఊహించవచ్చు. తెల్లని పొగ వస్తే డీజిల్ అందుతున్నా సరిగా మండడం లేదన్నమాట. ఈ ఒక్క గుర్తు అన్వేషణను సగానికి తగ్గిస్తుంది.

డీజిల్ అందనప్పుడు ట్యాంకును, ఫిల్టరును, పంపుపైనున్న ఇంధన నియంత్రణ స్విచ్చుకు వెళ్ళే తీగను చూడాలి. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయినా, ఫిల్టరు మార్చినా గొట్టాలలోకి గాలి చేరుతుంది. దీనినే మెకానిక్కులు ‘ఎయిర్ లాక్’ అంటారు. ద్రవం అణగదు, గాలి అణుగుతుంది. అందువల్ల పంపు ఒత్తిడి గాలిని అణచడానికే ఖర్చవుతుంది, నాజిల్ తెరుచుకోదు. ఫిల్టరుపైనున్న గాలి మరను వదులు చేసి, చేతి పంపును నొక్కుతూ, బుడగలు లేని డీజిల్ వచ్చాక మరను బిగించాలి. నాజిళ్ళకు వెళ్ళే గొట్టాల జోలికి మాత్రం అనుభవం లేనివారు పోరాదు. వాటిలోని అధిక పీడనంతో చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు.

తెల్లని పొగ వచ్చినప్పుడు, చలి ఉదయాలలోనే ఇబ్బంది కలుగుతుంటే హీటరు ప్లగ్గులను పరీక్షించాలి. వేడి వేళల్లోనూ అదే స్థితి కనిపిస్తే పిస్టను రింగుల అరుగుదల వల్ల అదుముడు తగ్గి ఉండవచ్చు. అది నిపుణుడైన మెకానిక్ చూడవలసిన పని.

ఏ పరీక్షలోనైనా పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టరాదు. మధ్యలో విరామమివ్వకపోతే మోటారు కాలిపోయే ప్రమాదముంది. ఒకసారి ఒక్కదానినే సరిచేసి ఫలితం చూడాలి. రెండు మూడు ఒకేసారి మారిస్తే ఏది కారణమో తేలదు. ఖర్చులేని పరీక్షల నుండి ఖర్చుతో కూడిన వాటి వైపు సాగాలి.

ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు అనుసరించే పద్ధతి కూడా ఇదే. గమనించడం, ఊహించడం, పరీక్షించడం, తప్పిన ఊహను విడిచిపెట్టడం అందులోని మెట్లు. ఈ క్రమాన్ని పాటించిన రైతు స్వయంగా బాగుచేయలేకపోయినా మెకానిక్కుకు విన్న చప్పుడునూ, చూసిన పొగనూ వివరించగలడు. అనవసరమైన ఖర్చు నుండి తనను తాను కాపాడుకోగలడు.