14-2 లీడ్ ఉంటే టీవీ కట్టేయొచ్చా? బేస్‌బాల్ 'రోడ్ గేమ్'లో ఫ్యాన్స్ టెన్షన్ వెనక అసలు రూల్ ఇదీ!

అది 2001 ఆగస్టు 5, ఆదివారం. అమెరికా పశ్చిమ తీరంలోని సియాటెల్‌లో సాయంత్రం అయిదు దాటింది. ఊరంతా మురిసిపోతున్న టీమ్ సియాటెల్ మెరైనర్స్ ఆ రోజు ఊళ్లో లేదు. 3 వేల కిలోమీటర్లకు పైగా దూరంలో, ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో ఆడుతోంది. అక్కడ అప్పటికే రాత్రి ఎనిమిది. జపాన్‌లో సోమవారం ఉదయం తొమ్మిది. మన దగ్గరైతే సోమవారం తెల్లవారుజామున అయిదున్నర.

మూడో ఇన్నింగ్స్ అయ్యేసరికి స్కోరు మెరైనర్స్ 12, క్లీవ్‌లాండ్ 0. కాసేపటికి 14-2. బేస్‌బాల్‌లో ఒక టీమ్ మొత్తం మ్యాచ్‌లో నాలుగైదు పరుగులు చేయడమే మామూలు. మరి 12 పరుగుల లీడ్ అంటే? ఏ ఫ్యాన్ అయినా రిమోట్ పక్కన పెట్టి భోజనానికి లేచిపోయే స్కోరు.

ఆ రాత్రి మెరైనర్స్ ఓడిపోయింది. ఫైనల్ స్కోరు 15-14.

ఇదెలా సాధ్యం? క్రికెట్ చూసే కళ్లతో చూస్తే ఈ ఆట అర్థం కాదు. దీనికి బేస్‌బాల్‌లోని ఒక చిన్న రూల్ తెలియాలి. బయటి ఊరికెళ్లిన టీమ్‌ని దూరం నుంచి ఫాలో అయ్యే ఫ్యాన్స్‌కి నిద్ర పట్టకుండా చేసే రూల్ అదే.

టాస్ లేదు.. ఛాయిస్ లేదు!

క్రికెట్‌లో ముందు ఎవరు బ్యాటింగ్ చేయాలో టాస్ తేలుస్తుంది. బేస్‌బాల్‌లో టాస్ ఉండదు. ఎవరి గ్రౌండ్ అయితే వాళ్లదే చివరి బ్యాటింగ్. మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్. ప్రతి ఇన్నింగ్స్‌లో మొదటి సగం బయటి నుంచి వచ్చిన టీమ్‌ది, రెండో సగం ఇంటి టీమ్‌ది. ఒక సగంలో ముగ్గురు అవుట్ అయితే అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు మారతారు.

అంటే రోడ్ గేమ్‌లో మీ టీమ్ ఎన్ని పరుగులు చేసినా అవతలివాళ్లకి జవాబు చెప్పే ఛాన్స్ మిగిలే ఉంటుంది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మీవాళ్ల బ్యాటింగ్ అయిపోయాక ఇక మీరు చేయగలిగింది ఏమీ లేదు. ఆ చివరి ముగ్గురూ అవుట్ అవ్వాలని దేవుడికి దండం పెట్టుకోవడమే. అదే ఇంటి టీమ్ ముందంజలోకి వచ్చిందా, మ్యాచ్ అక్కడికక్కడే క్లోజ్. బయటివాళ్లకి ఇంకో బంతి కూడా దొరకదు. తలొంచుకుని మైదానం నుంచి నడుచుకుంటూ పోవడమే కాబట్టి దీన్ని అక్కడ 'వాకాఫ్' అంటారు.

ఇంకో ముఖ్యమైన తేడా. టీ20లో చివరి ఓవర్‌కి 40 పరుగులు కావాలంటే, నోబాల్స్, వైడ్లు వేస్తే తప్ప, లెక్క ప్రకారం మ్యాచ్ అయిపోయినట్టే. ఎందుకంటే బంతులు ఆరే. బేస్‌బాల్‌లో బంతులకు లెక్క లేదు, ఓవర్లు లేవు, గడియారం చూపించి ఆట ఆపడం లేదు. మూడో అవుట్ పడే దాకా బ్యాటింగ్ నడుస్తూనే ఉంటుంది. 12 పరుగులు వెనకబడ్డ టీమ్‌కి కూడా లెక్క ప్రకారం తలుపు మూసుకుపోదు. అవతలివాళ్ల 27 అవుట్లూ తీయాల్సిందే. 26 తీసినా గెలవనట్టే.

అసలు ఆ రాత్రి ఏం జరిగింది?

మెరైనర్స్‌కి అది మామూలు సీజన్ కాదు. జపాన్ నుంచి కొత్తగా వచ్చిన ఇచిరో సుజుకీ మొదటి ఏడాదే అమెరికాను ఊపేస్తున్నాడు. మ్యాచ్ చివర్లో వచ్చి ముగించే పిచ్చర్, అంటే 'క్లోజర్', కూడా జపాన్ ఆటగాడే.. కజుహిరో ససాకీ. ఇద్దరి వల్లా జపాన్‌లో కూడా పొద్దున్నే మెరైనర్స్ స్కోరు చూసుకునేవాళ్లు లక్షల్లో తయారయ్యారు.

క్లీవ్‌లాండ్ టీమ్ పేరు అప్పట్లో 'ఇండియన్స్'. మనకేం సంబంధం లేదు లెండి, అది అమెరికా ఆదివాసీలను ఉద్దేశించి పెట్టిన పేరు. దానిపై ఏళ్ల తరబడి అభ్యంతరాలు రావడంతో 2022 సీజన్ నుంచి 'గార్డియన్స్' అని మార్చారు.

14-2 అయ్యాక రెండు టీమ్‌ల మేనేజర్లూ మ్యాచ్ అయిపోయిందనే అనుకున్నారు. కొందరు రెగ్యులర్ ఆటగాళ్లకు రెస్ట్ ఇచ్చేశారు. క్లీవ్‌లాండ్ వైపు రాబర్టో అలోమర్, హువాన్ గోంజాలెజ్ లాంటి స్టార్లే బెంచ్ మీద కూర్చున్నారు. బేస్‌బాల్‌లో ఒకసారి బయటకి వెళ్లిన ఆటగాడు మళ్లీ ఆ మ్యాచ్‌లో దిగడానికి కుదరదు. అంటే తర్వాత మ్యాచ్ మలుపు తిరిగినా వాళ్లు చూస్తూ కూర్చోవాల్సిందే.

ఏడో ఇన్నింగ్స్‌లో క్లీవ్‌లాండ్ 3 పరుగులు చేసింది. 14-5. పర్లేదు, పరువు కోసం ఆడుతున్నారు అనుకోవచ్చు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో జిమ్ థోమ్, మార్టీ కోర్డోవా హోమ్‌రన్‌లు బాదారు. మొత్తం 4 పరుగులు. 14-9. అయినా ఇంకా అయిదు పరుగుల లీడ్, మిగిలింది మూడు అవుట్లే.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్లు కూడా పడిపోయాయి. ఇంకొక్కటి తీస్తే చాలు, సియాటెల్ గెలిచినట్టే. ఆ ఒక్కటే పడలేదు. ఒకరు కొట్టారు, ఇంకొకరు పిచ్చర్ గురి తప్పడంతో ఊరికే ఫస్ట్ బేస్ చేరారు. ఐనార్ డియాజ్ కొట్టిన దెబ్బకి రెండు పరుగులొచ్చాయి. 14-11. ఇక లాభం లేదని సియాటెల్ ససాకీని దింపింది. కెన్నీ లాఫ్టన్ కూడా కొట్టి బేస్ చేరడంతో మూడు బేస్‌ల్లోనూ రన్నర్లు నిండిపోయారు.

బ్యాటింగ్‌కి ఒమర్ విజ్కెల్ వచ్చాడు. భారీ హోమ్‌రన్‌లు కొట్టే రకం కాదు. ఫీల్డింగ్‌కి పేరున్న ఆటగాడు. పైగా కెరీర్ మొదలుపెట్టింది సియాటెల్‌లోనే! కౌంట్ మూడు బాల్స్, రెండు స్ట్రైక్స్ దాకా వెళ్లింది. అంటే తర్వాతి బంతికి స్ట్రైక్ పడిందంటే సియాటెల్ గెలిచేసినట్టే. విజ్కెల్ దాన్ని కుడివైపు లైన్ వెంట బాదాడు. బంతి మూలకు దొర్లేలోపు ముగ్గురూ ఇంటికి చేరారు. 14-14. స్టేడియం ఎలా ఊగిపోయి ఉంటుందో వేరే చెప్పాలా?

పదో ఇన్నింగ్స్‌లో ఏమీ తేలలేదు. పదకొండో ఇన్నింగ్స్‌లో జోల్బర్ట్ కాబ్రెరా కొట్టిన సింగిల్‌కి లాఫ్టన్ రెండో బేస్ నుంచి పరుగెత్తుకొచ్చి గెలుపు పరుగు పూర్తి చేశాడు. మేజర్ లీగ్ చరిత్రలో 12 పరుగులు వెనకబడి గెలవడం అది మూడోసారి మాత్రమే. అంతకుముందు 1911లో డెట్రాయిట్, 1925లో ఫిలడెల్ఫియా ఆ పని చేశాయి. అంటే ముప్పావు శతాబ్దంగా జరగనిది ఆ రాత్రి జరిగింది.

సియాటెల్‌లో కూర్చుని చూసినవాళ్లకి ఇందులో ఇంకో బాధ ఉంది. సొంత గ్రౌండ్‌లో అయితే కనీసం అరిచి గోల చేసి అవతలివాళ్లని కంగారు పెట్టొచ్చు. దూరంగా ఉన్నప్పుడు వినిపించేదంతా అవతలివాళ్ల గోలే. క్లీవ్‌లాండ్‌లో జాన్ ఆడమ్స్ అనే అభిమాని 1973 నుంచి దశాబ్దాల పాటు స్టేడియం చివర్లో కూర్చుని పెద్ద డ్రమ్ వాయించేవాడు. టీమ్ స్కోరు చేసే ఛాన్స్ వచ్చినప్పుడల్లా ఆ మోత మొదలయ్యేది. ఇంటి ఫ్యాన్స్‌కి అది పండగ. టీవీలో వినే అవతలి ఫ్యాన్స్‌కి మాత్రం గుండె దడ!

టీవీ లేని రోజుల్లో ఎలా ఫాలో అయ్యేవాళ్లు?

టీమ్ ఊరు దాటితే దాని సంగతి తెలుసుకోవడం ఒకప్పుడు పెద్ద పనే. రేడియో రాకముందు మ్యాచ్ వివరాలు టెలిగ్రాఫ్‌లో వచ్చేవి. పత్రికాఫీసుల బయట పెద్ద బోర్డులు పెట్టి, తంతి వచ్చినప్పుడల్లా స్కోరు మార్చేవారు. కింద రోడ్డు మీద జనం గుంపులుగా నిలబడి, ఆటగాళ్లు కనిపించకపోయినా, బోర్డు చూసి కేకలు వేసేవాళ్లు.

రేడియోలో మేజర్ లీగ్ మ్యాచ్ మొదటిసారి ప్రసారమైంది 1921 ఆగస్టు 5న, పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ స్టేషన్ నుంచి. మెరైనర్స్ కుప్పకూలిన రాత్రికి సరిగ్గా 80 ఏళ్ల ముందు, అదే తేదీ!

రేడియో వచ్చాక కూడా కామెంటేటర్‌ని ఊరూరా పంపాలంటే ఖర్చు. అందుకే చాలా స్టేషన్లు ఒక చిట్కా వాడాయి. కామెంటేటర్ స్టూడియోలోనే కూర్చుంటాడు. టెలిగ్రాఫ్‌లో వచ్చే నాలుగు ముక్కల్ని చూసి, కళ్ల ముందే జరుగుతున్నట్టు కథ అల్లుతాడు. 1930ల్లో అయోవా రాష్ట్రంలో చికాగో కబ్స్ మ్యాచ్‌లను ఇలా చెప్పిన ఒక కుర్రాడు తర్వాత హాలీవుడ్‌కి వెళ్లాడు, ఆపైన అమెరికా ప్రెసిడెంట్ అయ్యాడు. అతనే రోనాల్డ్ రీగన్. ఒకసారి మధ్యలో టెలిగ్రాఫ్ లైన్ తెగిపోతే ఏం చేయాలో తోచక, బ్యాటర్ వరసగా ఫౌల్ బాల్స్ కొడుతూనే ఉన్నాడని నిమిషాల తరబడి లాక్కొచ్చానని రీగనే తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. ఫౌల్ బాల్స్‌తో స్కోరు మారదు కదా.. అబద్ధం దొరికిపోదు!

మెరైనర్స్ ఫ్యాన్స్‌కి మాత్రం ఆ గొంతు డేవ్ నీహాస్‌ది. 1977లో టీమ్ పుట్టిన మొదటి మ్యాచ్ నుంచి 2010లో చనిపోయే దాకా ఆయనే కామెంటేటర్. టీమ్‌తో పాటే ఊళ్లు తిరిగేవారు. ఎక్కువ దూరం ప్రయాణించే టీమ్‌లలో సియాటెల్ ఒకటి, దగ్గరలో వేరే మేజర్ లీగ్ ఊరే లేదు. అందుకే సీజన్‌లో సగం మ్యాచ్‌లు.. 162లో 81.. ఫ్యాన్స్‌కి ఇంట్లోనో, కార్లోనో, వంటింట్లోనో ఆ గొంతు ద్వారానే తెలిసేవి. 2020లో కొవిడ్ టైంలో కామెంటేటర్లు టీమ్‌తో వెళ్లకుండా ఇంటి స్టేడియంలోనే మానిటర్లు చూసి చెప్పాల్సి వచ్చింది. రీగన్ కాలం మళ్లీ వచ్చినట్టయింది, టెలిగ్రాఫ్ బదులు టీవీ అంతే తేడా.

ఇప్పుడు ఫోన్‌లోనే అన్నీ. ప్రతి బంతికీ గెలుపు అవకాశం ఎంత శాతమో చూపించే గ్రాఫ్‌లు కూడా వచ్చేశాయి. ఇందులోనూ ఓ తిరకాసు ఉంది. లీగ్ సొంత యాప్‌లో చాలా ఏళ్ల పాటు ఎవరి ఊరి టీమ్ మ్యాచ్ వాళ్లకి లైవ్‌గా వచ్చేది కాదు. లోకల్ ఛానళ్లకు హక్కులు అమ్మేయడమే కారణం. సియాటెల్ వదిలి ఎక్కడో న్యూయార్క్‌లో ఉంటున్న ఫ్యాన్‌కి మ్యాచ్ వచ్చేది, సియాటెల్‌లో ఉన్నవాడికి 'బ్లాకౌట్' అని కనిపించేది!

మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఉద్యోగాల వల్ల సియాటెల్ చుట్టుపక్కల రెడ్మండ్, బెల్‌వ్యూ, సమామిష్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు చాలానే స్థిరపడ్డాయి. వాళ్ల పిల్లలు అక్కడి స్కూళ్లలో పెరిగి మెరైనర్స్ టోపీ పెట్టుకుంటే, వేసవిలో వెళ్లిన తాతయ్యలు, అమ్మమ్మలు ఈ ఆట ఏంట్రా బాబూ అని అడగడం మామూలే. వాళ్లకి చెప్పాల్సిన మొదటి పాయింట్ ఇదే.. మనవాళ్లు బయట ఆడుతుంటే చివరి బ్యాటింగ్ మనది కాదు.

ఆ ఓటమి నష్టం చేసిందా?

పాయింట్ల పట్టికలో చూస్తే ఏమీ లేదు. 162 మ్యాచ్‌ల సీజన్‌లో మధ్యలో ఒక ఓటమి అంటే ఒక ఓటమే. 1 పరుగుతో ఓడినా, 12 పరుగుల లీడ్ పోగొట్టుకుని ఓడినా లెక్క ఒకటే. మెరైనర్స్ ఆ ఏడాది 116 మ్యాచ్‌లు గెలిచింది. 1906లో చికాగో కబ్స్ పెట్టిన రికార్డుతో సమానం. ఇంకో మ్యాచ్ గెలిచి ఉంటే ఆ రికార్డు ఒంటరిగా సియాటెల్‌దే అయ్యేది. ఆ ఇంకొకటి ఏది అని అడిగితే ఏ ఫ్యాన్ అయినా ముందు క్లీవ్‌లాండ్ వైపే వేలు చూపిస్తాడు.

అక్టోబర్‌లో ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లో మళ్లీ క్లీవ్‌లాండే ఎదురైంది. అక్కడ ఒక మ్యాచ్‌లో 17-2తో చిత్తయినా, సియాటెల్ 3-2తో సిరీస్ గట్టెక్కింది. తర్వాత యాంకీస్ చేతిలో 4-1తో ఇంటికి. ఆపైన ప్లేఆఫ్స్ ముఖం చూడటానికే 21 ఏళ్లు పట్టింది.

2022 అక్టోబర్ 8న టొరంటోలో.. మళ్లీ రోడ్ గేమే.. మెరైనర్స్ 8-1తో వెనకబడింది. ఈసారి సియాటెల్‌లో టీవీ కట్టేసి ఉంటే ఇంకో రకం నష్టం. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో స్కోరు 9-9, తొమ్మిదిలో ఇంకో పరుగు, చివరికి 10-9తో గెలుపు. 2025లో అదే టొరంటోలో, వరల్డ్ సిరీస్‌కి ఒక్క అడుగు దూరంలో, ఏడో మ్యాచ్‌లో 3-1 లీడ్. ఏడో ఇన్నింగ్స్ రెండో సగంలో జార్జ్ స్ప్రింగర్ మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టాడు. 4-3. 2025 సీజన్ ముగిసేనాటికి 30 టీమ్‌లలో ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్ ఆడనిది మెరైనర్స్ మాత్రమే.