పుస్తకం సొమ్ము ఇంటి పన్నులోనే కడుతున్నాం!
వాడుకుంటున్న వారెందరు?

ఉయ్యూరు: ఇంటి పన్ను రసీదు ఒకసారి బయటికి తీసి చూడండి. అందులో గ్రంథాలయ పన్ను అని ఒక పద్దు ఉంటుంది. ఇంటి పన్ను ప్రతి రూపాయి మీద 8 పైసలు. అంటే 500 రూపాయల పన్ను కట్టేవారు ఏటా 40 రూపాయలు, వెయ్యి కట్టేవారు 80 రూపాయలు పుస్తకాల కోసం చెల్లిస్తున్నారన్న మాట. గ్రంథాలయం గడప తొక్కినా, తొక్కకపోయినా ఈ సొమ్ము కట్టక తప్పదు. కట్టిన తరువాత కూడా, పుస్తకం కొనే స్తోమత లేదని చదువు మానుకోవడం ఏం లాభం?

చట్టం ఏమంటున్నది?

1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ఈ పన్నుకు ఆధారం. పంచాయతీలు, మునిసిపాలిటీలు దీనిని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. పుస్తకాలు, పత్రికలు కొనేది ఆ నిధితోనే. వసూలైన డబ్బు సకాలంలో జమ కావడం లేదన్న ఫిర్యాదు రాష్ట్రంలో పాతదే. తమ ఊరి సొమ్ము జమ అయిందా లేదా అని గ్రామసభలో అడిగే హక్కు పన్ను కట్టిన ప్రతివారికీ ఉన్నది.

మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. 1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ బెజవాడలోనే జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. గ్రంథాలయోద్యమ పితామహుడుగా పేరొందిన అయ్యంకి వెంకటరమణయ్య అందుకు పూనుకున్నారు. 1935లో పాతూరి నాగభూషణం పడవ మీద పుస్తకాలు పెట్టి పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాల్వ వెంట ఊరూరా తిప్పారు. రోడ్లు సరిగా లేని రోజుల్లోనే పుస్తకం పల్లెకు వచ్చింది.

చేయవలసింది ఇది

ఉయ్యూరు శాఖా గ్రంథాలయంలో కూర్చుని పుస్తకాలు, పత్రికలు చదువుకోవడానికి పైసా ఇవ్వనక్కర లేదు. ఇంటికి తీసుకువెళ్లాలంటే సభ్యత్వం ఉండాలి. అందుకు కట్టే డిపాజిట్టు, సభ్యత్వం వదులుకున్నప్పుడు తిరిగి వస్తుంది. శాఖా గ్రంథాలయాలు సాధారణంగా ఉదయం, సాయంత్రం రెండు పూటలా తెరుస్తారు. శుక్రవారం సెలవు. కాటూరు, ఆకునూరు, గండిగుంట వైపు నుంచి పనుల మీద వచ్చేవారు సాయంత్రం పూట వెళితే తీరికగా చూసుకోవచ్చు. కావలసిన పుస్తకం లేకపోతే గ్రంథాలయాధికారికి పేరు రాసి ఇవ్వండి. అడిగేవారు లేని పుస్తకాన్ని ఎవరూ తెప్పించరు.

కొనదలచినవారికి

సొంతంగా దాచుకోవాలనుకునే వారికి బెజవాడ లెనిన్ సెంటరులో పాత పుస్తకాల దుకాణాలు ఉన్నాయి. పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షల పుస్తకాలు, నవలలు అక్కడ అసలు ధర కంటే బాగా తక్కువకు దొరుకుతాయి. అయితే పరీక్షల పుస్తకం కొనేటప్పుడు ఏ సంవత్సరం ముద్రణో, సిలబస్ మారిందో లేదో చూసుకోవాలి. మధ్య పేజీలు ఊడిపోలేదు కదా అని కూడా తిప్పి చూడాలి. 1989లో మొదలైన విజయవాడ పుస్తక మహోత్సవం ఏటా కొత్త సంవత్సరం వచ్చే రోజుల్లో జరుగుతున్నది. అక్కడ కొత్త పుస్తకాలకు సాధారణంగా నూటికి 10 రూపాయల తగ్గింపు ఇస్తారు. నలుగురు కలిసి నాలుగు పుస్తకాలు కొని మార్చుకుంటే ఖర్చు పాతిక వంతే.

పెద్దలకు గుర్తుండే ఉంటుంది. బందరులో పుట్టిన ఎమెస్కో పాకెట్ పుస్తకాలు, విశాలాంధ్రలో చౌకగా అమ్మిన సోవియట్ పుస్తకాలు, బజారులో అద్దె నవలల కొట్లు ఒక తరానికి చదువు అలవాటు చేశాయి. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, ఆ పుస్తకాలూ ఆగాయి. టీవీలు వచ్చాక అద్దె కొట్లూ మూతపడ్డాయి.

ఫోనులోనూ ఉచితమే

మన దేశంలో రచయిత చనిపోయిన తరువాత 60 ఏళ్లకు కాపీ హక్కు తీరిపోతుంది. అందుకే వీరేశలింగం, గురజాడ, చిలకమర్తి రచనలను ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. తెలుగు వికీసోర్సులో ఇటువంటి పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. మన కాటూరులో పుట్టిన కవి కాటూరి వెంకటేశ్వరరావు 1962లో మరణించారు. ఆయన ఒక్కరే రాసి, బతికుండగా అచ్చయిన వాటిపై హక్కు 2022తో ముగిసింది. పింగళి లక్ష్మీకాంతంతో కలిసి రాసిన ‘సౌందరనందము’ సంగతి వేరు. జంట రచనకు తరువాత పోయినవారి మరణం నుంచి లెక్క కడతారు. పింగళి 1972లో మరణించారు గనుక దానికి 2032 దాకా ఆగాలి.

దారులు ఎన్ని ఉన్నా, ముందుగానే డబ్బు చెల్లించిన దారి గ్రంథాలయం ఒక్కటే. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు ఏటా జరుగుతాయి. ఆ వారం దాకా ఆగనక్కర లేదు. ఈసారి ఉయ్యూరు వచ్చినప్పుడు పిల్లవాడిని వెంటబెట్టుకుని వెళ్లి సభ్యత్వం తీసుకోండి. ఆ 8 పైసలు అప్పుడే మన ఇంటికి తిరిగి వచ్చినట్టు.