ఓడిన కుక్కలకూ ఇల్లు దొరికింది

చైనా దక్షిణ తీరంలోని మకావ్‌లో 1963 నుంచి గ్రేహౌండ్ కుక్కల పందాలు సాగాయి. పొడుగు కాళ్లు, సన్నని నడుము, 30 కిలోల బరువు. గంటకు 60 కిలోమీటర్లు దాటే పరుగు. గెలిచినన్నాళ్లే వాటికి బతుకు! వరుసగా ఓడితే చంపేస్తున్నారని జంతు ప్రేమికులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు.

చివరకు 2018 జూలైలో పందాల మైదానం మూతపడింది. 500కు పైగా కుక్కలు మిగిలాయి. వాటి గతేమిటి?

'అనిమా' అనే స్థానిక సంఘం ముందుకొచ్చింది. వైద్యం చేయించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించి, ఇటలీ, అమెరికా, బ్రిటన్ తదితర దేశాల్లోని కుటుంబాలకు విమానాల్లో పంపింది.

పందెపు కుక్కను ఇంటికి అలవాటు చేయడం తేలిక కాదు. బోనులో పెరిగిన దానికి మెట్లెక్కడం రాదు. అద్దం తలుపు కనిపించక గుద్దుకుంటుంది. పిల్లి కనబడితే తరుముతుంది. అందుకే ముందు కొన్ని వారాలు తాత్కాలికంగా ఒకరింట ఉంచి, దాని తీరు చూసి, తగిన ఇంటికి అప్పగిస్తారు. అలవాటు పడితే రోజులో ఎక్కువసేపు పడుకునే ఉంటుంది!

మన దేశంలోనూ పెంచిన కుక్కను ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి చట్టం ప్రకారం నేరమే. సరదాపడి పెద్దజాతి కుక్కపిల్లను తెచ్చుకునేవారు పదేళ్ల తిండి లెక్క ముందే వేసుకోవడం మేలు.