ఫతే మైదానము: ఆబిడ్సు చెంతనున్న మన వ్యాయామశాల

నాంపల్లి రైల్వే స్టేషనులో దిగి, ఆరవ నిజాము కొలువునందలి అర్మేనియను ఉద్యోగి ఆల్బర్టు ఆబిద్ నడిపిన దుకాణము వలన పేరుగాంచిన ఆబిడ్సు మీదుగా నిజాం కళాశాల వైపు నడచువారికి, అంగళ్ల వరుసల వెనుక ఎత్తైన దీపస్తంభములు గోచరించును. అదియే లాల్ బహదూర్ స్టేడియము; పాతవారి నోట నేటికిని ఫతే మైదానమే. 1687లో గోల్కొండను జయించిన ఔరంగజేబు సేనలు ఇచ్చట విజయోత్సవము జరుపుకొన్నవని ప్రతీతి. ఆసఫ్‌జాహీల కాలమున ఇచ్చట పోలో ఆడిరి. 1967లో దీనికి లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టిరి.

1955 నవంబరులో న్యూజీలాండుపై పాలీ ఉమ్రిగర్ చేసిన 223 పరుగులు, టెస్టులలో భారతీయుడు సాధించిన తొలి ద్విశతకము, ఈ నేలమీదివే. ఇచ్చట జరిగిన టెస్టులు మూడు (1955, 1969, 1988). ఏ దైవఘటనయో గాని మూడింటను ప్రత్యర్థి న్యూజీలాండే!

అయినను నా మనస్సును కట్టివేయునవి ఆ మహోత్సవములకంటె ఆవరణలోని ఈతకొలను, బ్యాడ్మింటను శాల. మన పెద్దలు ఎండిన సొరకాయ బుర్ర నడుమునకు కట్టుకొని ఊరి దిగుడుబావిలో దూకి ఈత నేర్చిరి. వారిలో నగరమునకు వలసవచ్చి గుమాస్తా కొలువున స్థిరపడినవారి బిడ్డలకు బావి యెక్కడ, కాలువ యెక్కడ? వేసవి ప్రాతఃకాలమున గట్టు అంచును రెండు చేతుల బిగబట్టుకొని, మోకాళ్లు వంపక కాళ్లాడించుచు, మందు కలిపిన నీటికి కన్నులెఱ్ఱవారినను వెలుపలికి రానొల్లని బాలబాలికలను చూచినప్పుడు, సర్కారు సొమ్ము ఇంతకంటె సద్వినియోగమగుట అరుదని నాకు తోచును.

బ్యాడ్మింటనులో ఫలము లోకవిదితము. ఎస్.ఎం. ఆరిఫ్‌గారి శిష్యుడు పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేత యయ్యెను. హర్యానా నుండి వచ్చిన శాస్త్రవేత్త కుమార్తె సైనా నెహ్వాల్‌ను, ఆమె తండ్రి తెల్లవారకమునుపే స్కూటరుపై రాజేంద్రనగరము నుండి ఇచ్చటికి తీసికొనివచ్చుచుండగా, నానీ ప్రసాద్‌గారు తొలిపాఠములు చెప్పిరి. ఆమె 2012లో లండను ఒలింపిక్సున కాంస్యము గెలిచెను.

ఆటలే కాక రాజకీయ సభలును ఇచ్చట జరిగినవి. 1983 జనవరి 9న ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసినది ఈ మైదానముననే. పిమ్మట అట్టి సభలు పలుమారులు జరిగినవి. వేదికలు కట్టిన నేల మరల ఆటకు సిద్ధమగుటకు దినములు పట్టును. సభలకు నగరమున వేఱు తావులు గలవు. ఆబిడ్సు, నాంపల్లి ఇరుకుసందుల పిల్లలకు ఇది చేరువలోనున్న విశాలమైన చోటు. దానిని ఆటలకే విడువవలయునని నా నిశ్చితాభిప్రాయము.

సెలవులకు స్వదేశము వచ్చు సోదరీసోదరులారా, ఒక ఉదయము మీ బిడ్డలను అచ్చటికి తోడ్కొనిపొండు, శిక్షకులతో మాటలాడుడు, స్తోమతు లేని యొక బాలుని గాని బాలికను గాని ఎంచుకొని, శిక్షణ రుసుము, దుస్తులు, రాకెట్టు ఖర్చు మీరు భరింపుడు.