కిలోన్నర కందిపప్పు

మా వీధి చివరి మందుల షాపులో గల్లాపెట్టె పక్కనే ఒక అర ఉంది. 2020కి ముందు అందులో దగ్గు బిళ్లలు, దూది, బ్యాండేజీలు ఉండేవి. కరోనా వచ్చాక ఆ చోటంతా ‘ఇమ్యూనిటీ’ ఆక్రమించింది. తిప్పతీగ రసం, ఉసిరి బిళ్లలు, పసుపు గొట్టం మాత్రలు, తులసి చుక్కలు, జింకు మాత్రలు. కరోనా తగ్గుముఖం పట్టినా ఆ అర మాత్రం ఖాళీ కాలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, అదే చెట్టును సీసాలోకి దింపి మూతకు సీలు వేస్తే వందలు పోసి కొంటున్నాం.

మన దేశంలో పద్ధతి ప్రకారం పరీక్షించి, పనిచేస్తుందని తేల్చిన సరుకొకటి ఆ అరలో లేదు. అది కిరాణా కొట్లో దొరుకుతుంది.

2019 నుంచి 2022 దాకా జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో టీబీ రోగుల ఇళ్లలో ఒక అధ్యయనం జరిగింది. దానికి పెట్టిన పొట్టి పేరు ‘రేషన్స్’. మంగళూరు యెనెపోయ వైద్య కళాశాలకు చెందిన అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ దీనికి నాయకత్వం వహించారు. చేరిన 2,800 మంది రోగుల్లో నూటికి ఎనభై మందికి పైగా తిండి చాలక చిక్కిపోయినవాళ్లే. మగవాళ్ల సగటు బరువు 42.6 కిలోలు, ఆడవాళ్లది 36.1. ఇంటిల్లిపాదికీ సంపాదించి పెట్టాల్సిన మనిషి ఎనిమిదో తరగతి పిల్లాడి బరువున్నాడన్నమాట.

రోగులందరికీ నెలనెలా పది కిలోల ఆహారం ఇచ్చారు. అసలు ప్రశ్న మాత్రం వాళ్ల ఇంట్లోవాళ్ల గురించి. టీబీ గాలి ద్వారా అంటుతుంది. ఒకే గదిలో పడుకునేవాళ్లకు తప్పించుకునే దారి తక్కువ. అలాంటి కుటుంబ సభ్యులు 10,345 మందిని రెండు వర్గాలుగా విడదీశారు. ఒక వర్గంలో పెద్దవాళ్లకు తలా నెలకు అయిదు కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, రోజుకో విటమిన్ మాత్ర. రెండో వర్గానికి అవి లేవు. రేషన్ అందని ఇళ్లలో 122 మందికి, అందిన ఇళ్లలో 96 మందికి టీబీ వచ్చింది. అందిన వర్గంలో మనుషులు ఎక్కువ కాబట్టి, లెక్కలు సరిచేసి చూస్తే జబ్బు 39 శాతం తగ్గింది. ఊపిరితిత్తుల టీబీ అయితే దాదాపు సగానికి పడిపోయింది. 2023 ఆగస్టులో ‘లాన్సెట్’ పత్రిక ఈ ఫలితాలను అచ్చువేసింది.

కిలోన్నర పప్పంటే రోజుకు యాభై గ్రాములు, ఒక గుప్పెడు. బియ్యంతో కలిపితే రోజుకు 750 కేలరీలు, 23 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది పుష్కలం. పప్పులో మెథియోనిన్ తక్కువ, ఆ లోటును బియ్యం పూరిస్తుంది. మన పప్పన్నం ఎవరూ లెక్క కట్టకుండానే కుదిరిన జోడీ.

ఈ గుప్పెడు పప్పు లోపల ఏం చేస్తుంది? టీబీ క్రిమి ఊపిరితిత్తుల్లోకి చేరగానే భక్షక కణాలు దాన్ని మింగుతాయి. అది అంత తేలిగ్గా చావదు, మింగిన కణంలోనే కాపురం పెడుతుంది. అప్పుడు మరికొన్ని కణాలు వచ్చి చుట్టూ గోడలా పేరుకుంటాయి. చంపలేకపోయినా బయటికి రాకుండా బంధిస్తాయి. క్రిమి సోకినవాళ్లలో జీవితకాలంలో జబ్బుపడేది 5 నుంచి 10 శాతమే కావడానికి ఈ గోడే కారణం. దానికి కాపలా టీ కణాలది. ఛాతీ ఎముక వెనకున్న థైమస్ గ్రంథిలో ఆ కణాలు తయారవుతాయి. తిండి చాలని పిల్లల్లో ముందుగా కుంచించుకుపోయే అవయవాల్లో థైమస్ ఒకటి. ఆకలి వేళ శరీరం గుండెను, మెదడును కాపాడుకుంటుంది. కాపలావాళ్ల జీతం కోసేస్తుంది. జీతం అందని కాపలాదారు గోడ దగ్గర ఎన్నాళ్లుంటాడు?

తిండికీ టీబీకీ ఉన్న ఈ లంకె కొత్త సంగతేమీ కాదు, మరిచిపోయిన సంగతి. మందుల్లేని రోజుల్లో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి శానటోరియాల్లో మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండే వైద్యం. తర్వాత మందులొచ్చాయి. 1956లో మద్రాసులో ఒక పరిశోధన కేంద్రం పెట్టి, కొందరు రోగులకు శానటోరియంలో, మరికొందరికి పేటల్లోని ఇరుకిళ్లలో అవే మందులు ఏడాది పాటు ఇచ్చి చూశారు. శానటోరియంలో ఉన్నవాళ్లు బాగా తిన్నారు, ఇళ్లలో ఉన్నవాళ్లకు ఆ భోజనం లేదు. అయినా జబ్బు నయమవడంలో పెద్ద తేడా రాలేదు. 1959లో వెలువడిన ఈ ఫలితంతో ప్రపంచమంతటా ఇంటివద్ద చికిత్స మొదలైంది. గొప్ప మేలే జరిగింది, కాదనను. కానీ ఆ వెంటే ‘మందుంటే చాలు, తిండి సంగతి తర్వాత’ అన్న ధోరణి కూడా పాకింది. మద్రాసు వైద్యులు అడిగింది మందు వేసుకున్నవాడు కోలుకుంటాడా అని. పక్క మంచం మీద పడుకున్నవాడికి జబ్బు వస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు ఇంగ్లండులోని పాప్‌వర్త్ గ్రామం ముందే జవాబిచ్చింది. 1918 నుంచి అక్కడ టీబీ రోగులకు పని, జీతం, ఇల్లు ఇచ్చి కుటుంబాలతో సహా ఉంచారు. రోగులతో కలిసే పెరిగిన పిల్లలకు క్రిమి సోకింది గానీ, కడుపునిండా తిన్నందువల్ల జబ్బుపడినవాళ్లు తక్కువ.

ఇక మందుల షాపు అర దగ్గరికి వద్దాం. ‘రోగనిరోధక శక్తి’ అన్న మాటలోనే ఒక చిక్కుంది. శక్తి అనగానే పెంచుకోవాలనిపిస్తుంది. నిజానికి అది అదుపు తప్పితే ఉబ్బసం, కీళ్లవాతం. కావలసింది పెంచడం కాదు, లోటు తీర్చడం. లోటు లేనివాడికి ఆ సీసాలు ఇచ్చేది చాలా కొంచెం. విటమిన్ సి రోజూ మింగినా మామూలు మనుషులకు జలుబు రావడం ఆగదు. వచ్చిన జలుబు పెద్దల్లో 8 శాతం ముందు తగ్గుతుంది. వారం జలుబులో అది పదమూడు గంటలు. అందుకు డబ్బా కొనడం నాకైతే దండగ అనిపిస్తుంది. జామకాయ కొరుక్కోవచ్చు, ఉసిరి పచ్చడి కలుపుకోవచ్చు.

పసుపులో కర్కుమిన్ ఉండేది నూటికి సుమారు మూడు పాళ్లే, అదీ ఒంటికి సరిగా పట్టదు. మిరియాల్లోని పైపరిన్ తోడైతే రక్తంలోకి చేరే కర్కుమిన్ ఇరవై రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపారు. మిరియాల చారుకు ఇది గర్వకారణమే. అయితే అదే సూత్రంతో గాఢంగా తయారుచేసిన పసుపు గొట్టాలు మింగి కాలేయం దెబ్బతిన్నవాళ్ల కేసులు అమెరికాలో నమోదయ్యాయి. తిప్పతీగదీ ఆ కథే. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడాక కామెర్లతో వచ్చిన ఆరుగురి వివరాలు ప్రచురించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. తిప్పతీగను పోలిన వేరే తీగను పొరపాటున వాడి ఉండొచ్చంది. ఆ తర్వాత వివిధ నగరాల నుంచి మరిన్ని కేసులు బయటికొచ్చాయి. చారులో పడే చిటికెడుకీ, రోజూ పరగడుపున తాగే లోటాకీ చాలా దూరం ఉంది.

మూడు పూటలా తినే మనలాంటి వాళ్లకు కిలోన్నర పప్పు మంత్రమేమీ కాదు. మనకున్న లోటు వేరు. అదుపులో లేని షుగరు టీబీ ముప్పును రెండు మూడు రెట్లు చేస్తుంది. నిద్ర సంగతి కూడా చూడండి. అమెరికాలో 164 మంది ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి, హోటల్లో ఉంచి గమనించారు. ఏడు గంటలకు పైగా నిద్రపోయేవాళ్లతో పోలిస్తే ఆరు గంటల్లోపు పడుకునేవాళ్లకు జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లకు పైనే అని 2015లో తేల్చారు. నిద్రను సీసాలో పోసి అమ్మలేరు కాబట్టి దానికి ప్రకటనలు రావు.

జార్ఖండ్ రోగుల్లో ఇంకొకటి కనబడింది. మందులు మొదలుపెట్టిన రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్లకు చావు ముప్పు 61 శాతం తక్కువ. నలభై రెండు కిలోల మనిషికి 5 శాతమంటే రెండు కిలోల పైచిలుకు. టీబీ రోగుల తిండికని కేంద్రం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేసింది. డబ్బు పడేది రోగి పేరునే. పొయ్యి మీద గిన్నె ఒక్కటే. అందులో ఉడికేది రోగి కంచంలోకి ఎంత, పిల్లల కంచాల్లోకి ఎంత అన్నది వడ్డించే తల్లి చేతిలో ఉంది.