అట్టపెట్టె ప్రాజెక్టును చూసి క్లాసంతా నవ్వితే.. ఇంట్లో ఏం చెప్పాలి?

చెప్పుల అట్టపెట్టె, పాత పెన్ను గొట్టాలు, కాస్త ఇసుక, గుప్పెడు కంకర. వీటితో ఆరో తరగతి పిల్లవాడు రెండు రోజులు కూర్చుని ఇంకుడుగుంత నమూనా చేశాడనుకుందాం. బడికి తీసుకెళ్తే పక్క బల్లల మీద రంగు లైట్లతో మెరిసే థర్మాకోల్ మోడళ్లు ఉన్నాయి. 'ఇదేంట్రా, చెత్తబుట్టలోంచి తెచ్చావా?' అన్నారెవరో. క్లాసంతా నవ్వింది. సాయంత్రం ఇంటికొచ్చి బ్యాగు విసిరేసి, 'ఇంకెప్పుడూ నేను చేయను, కొనివ్వండి' అన్నాడు.

ఆ మాటకు అమ్మానాన్నలు ఏం జవాబిస్తారన్నది ముఖ్యం. ఆ పిల్లవాడు మళ్లీ ఏదైనా సొంతంగా చేస్తాడా, లేదా అన్నది చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

అంత బాధ ఎందుకు?

సొంత చేతులతో చేసిన వస్తువు మీద మనిషికి మమకారం ఎక్కువ. 2012లో నార్టన్, మోచోన్, ఏరియలీ అనే పరిశోధకులు దీన్ని ప్రయోగాలతో చూపించారు. తాము మడిచిన కాగితపు బొమ్మలకు పెద్దవాళ్లు సైతం నిపుణులు చేసినవాటితో దాదాపు సమానంగా విలువ కట్టారు. చూసేవాళ్లకు మాత్రం వాటిలో అంత విలువ కనిపించలేదు. అట్టపెట్టె విషయంలోనూ అంతే. క్లాసుకు కనిపించింది పెట్టె, పిల్లవాడికి తెలిసింది రెండు రోజుల కష్టం.

దీనికి డబ్బు కూడా తోడవుతుంది. అగ్నిపర్వతం, సౌరకుటుంబం, గాలిమర వంటి మోడళ్లు స్టేషనరీ షాపుల్లో రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి. వాటి పక్కన పెడితే పోలిక పనితనంతో ఆగదు, ఇంటి స్తోమత దాకా వెళ్తుంది. పిల్లలకు ఇది తెలుసు, పైకి చెప్పరంతే.

ముందు వినాలి

ఇలాంటప్పుడు పెద్దల నోట సాధారణంగా మూడు మాటలు వస్తాయి. 'ఏం కాదులే' అంటే బాధను కొట్టిపారేసినట్టు. 'అందరికన్నా నీదే బాగుంది' అంటే పిల్లవాడు నమ్మడు, మిగతావాటిని కళ్లారా చూసొచ్చాడు. 'వాళ్లెవరో చెప్పు, రేపే వచ్చి తేలుస్తా' అంటే భయం ఇంకా పెరుగుతుంది. 'అంతమంది నవ్వితే ఎవరికైనా ఏడుపొస్తుంది. ఏం జరిగిందో చెప్పు నాన్నా' అని పక్కన కూర్చోవడం మేలు.

మనసు కుదుటపడ్డాక, 'నీళ్లు లోపలికి ఎలా ఇంకుతున్నాయో నాకు చూపించు' అని అడగాలి. ఒక చెంబు నీళ్లు తెచ్చి పోయించాలి. తాను చేసింది పనిచేస్తోందని తన నోటితో వివరించినప్పుడు పిల్లవాడికి కలిగే ధైర్యం పొగడ్తలతో రాదు. గొట్టం దగ్గర నీరు కారుతుంటే కారుతోందనే చెప్పాలి. సరిచేసే పని మాత్రం వాడికే వదలాలి.

'నువ్వు చాలా తెలివైనవాడివి' అని ఓదార్చడమూ అంత మంచిది కాదు. 1998లో ముల్లర్, డ్వెక్ ఐదో తరగతి పిల్లలపై చేసిన అధ్యయనంలో, తెలివిని మెచ్చుకున్న పిల్లలు ఒకసారి విఫలం కాగానే త్వరగా వదిలేశారు. శ్రమను మెచ్చుకున్న పిల్లలు పట్టు విడవలేదు. కాబట్టి 'ఇసుక కింద కంకర వేయాలని నీకు ఎలా తట్టింది?' వంటి నిర్దిష్టమైన మాటే పనికొస్తుంది.

బడి పని బడిది

టీచర్‌తో విడిగా మాట్లాడాలి. నవ్వినవాళ్లను క్లాసులో నిలబెట్టి తిట్టిస్తే ఎగతాళి చాటుగా సాగుతుంది. ప్రతి విద్యార్థి తన మోడల్ ఎలా పనిచేస్తుందో వివరించాలని టీచర్ నియమం పెడితే, కొన్నదేదో చేసిందేదో అదే తేలిపోతుంది. చేస్తూ నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. మార్కులు మెరుపుకే పడితే ఆ మాట కాగితం మీదే మిగులుతుంది. ఎగతాళి రోజూ సాగుతున్నా, పిల్లవాడు బడికి వెళ్లనంటున్నా బడి యాజమాన్యం జోక్యం చేసుకోవాల్సిందే.

పిల్లవాడికి చెప్పడానికి ఒక నిజమైన ఉదాహరణ ఉంది. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అర్వింద్ గుప్తా అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు, పారేసిన వస్తువులతోనే సైన్స్ బొమ్మలు చేసి చూపించారు. 2018లో పద్మశ్రీ అందుకున్నారు.

ఇక 'కొనివ్వండి' అన్న మాటకు ఆ రాత్రే జవాబు చెప్పనక్కర్లేదు. తర్వాతి ప్రాజెక్టు వచ్చినప్పుడు, 'ఇద్దరం కూర్చుందాం. కత్తెర నేను పట్టుకుంటా, చేసేది నువ్వే' అంటే చాలు.